పెట్టెలోని డప్పు

యంత్రం వచ్చి ప్రజాకళను చంపివేసిందనే మాట మన సభల్లోనూ, వ్యాసాల్లోనూ తరచుగా వినిపిస్తున్నది. ముఖ్యంగా కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పాట గురించి మాట్లాడేవారు ఈ మాటతోనే ఆరంభిస్తారు. పెళ్ళి బరాతులో డప్పు లేదు, డీజే బండి ఉన్నది. ధూంధాం వేదిక మీద నలుగురు డప్పువారు నిలబడవలసిన చోట ఒక్క యువకుడు రెండు పుల్లలు పట్టుకొని నల్లని పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. కాబట్టి కళ చచ్చింది. ఇదీ వారి తర్కం. ఈ తర్కంలో బాధ ఉన్నది. ఆ బాధ నిజమైనదే. కాని ఇందులో చరిత్ర లేదు. ఆ పెట్టెలో నుంచి వచ్చే చప్పుడు ఎవరిది, అది అక్కడికి ఎట్లా చేరింది, చేరక ముందు ఆ చప్పుడు చేసినవాడు ఊళ్ళో ఏ స్థితిలో బతికాడు అనే ప్రశ్నలు వేయకుండా, చంపినవాడెవడో తేల్చడం సాధ్యం కాదు. (2016 లో జిల్లాలు ముక్కలయినాయి గాని, ఈ వ్యాసంలో నేను పాత రెండు జిల్లాలనే ఉద్దేశిస్తున్నాను. పాటకు ఇంకా కొత్త సరిహద్దులు తెలియవు.)

ముందు పెట్టె సంగతి. దీనిని సాంప్లర్ అంటారు. మన వేదికల మీద కనిపించేది ఎక్కువగా పుల్లలతో కొట్టి వాయించే రకం. పైన రబ్బరు పలకలు ఉంటాయి. వాటిని ప్యాడ్లు అంటారు. డప్పు దెబ్బ కావచ్చు, డోలు వరుస కావచ్చు, మనిషి కేక కావచ్చు, ఏదో ఒక శబ్దాన్ని మైకు ద్వారా లోపలికి తీసుకొని, సెకనుకు 44,100 సార్లు దాని ఎత్తుపల్లాలను కొలిచి, ఆ కొలతలను అంకెలుగా దాచుకోవడం దీని మొదటి పని. రెండు సెకన్ల డప్పు వరుస అంటే 88,200 కొలతలన్న మాట. ప్యాడు మీద కొడితే ఆ అంకెలు మళ్ళీ శబ్దమవుతాయి. చివరి అంకె ముగిసిన క్షణంలోనే మొదటి అంకెకు పోయేటట్లు అమరిస్తే ఆ వరుస ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. దానినే లూప్ అంటారు. కత్తిరింపు సరిగా లేకపోతే చుట్టు చుట్టుకూ ఒక చిన్న టక్కు వినిపిస్తుంది. సరిగా కుదిరితే అతుకు ఎక్కడున్నదో చెవి పట్టలేదు.

కరీంనగర్‌లో చాలామంది దీనిని ఇప్పటికీ ఆక్టోప్యాడ్ అనే పిలుస్తారు. ఆక్టోప్యాడ్ దీనికి పెద్దన్న. 1985 లో జపాను దేశపు రోలాండ్ కంపెనీ ఎనిమిది పలకలతో తెచ్చింది; మన సినిమా పాటల ఆర్కెస్ట్రాలు దానిని తొందరగానే అందుకున్నాయి. కాని రెండింటికీ తేడా చిన్నది కాదు. ఆక్టోప్యాడ్‌లో ప్రధానంగా కంపెనీవారు ఇచ్చిన శబ్దాలు పలుకుతాయి. సాంప్లర్‌లో మనం పెట్టినది పలుకుతుంది. కుడిచేతి చిర్రా, ఎడమచేతి చిటికెన పుల్లా కలిసి పలికించే తెలంగాణ డప్పు వరుస పెట్టెలో ఉండాలంటే, ఎక్కడో ఒకచోట ఎవరో ఒక మనిషి తోలును మంట మీద కాచి, మెడకు తగిలించుకొని, కొట్టి ఉండవలసిందే. ఈ మనిషిని గుర్తుంచుకోవాలని పాఠకులకు మనవి. వ్యాసమంతా అతని గురించే.

శబ్దాన్ని చుట్టూ తిప్పాలనే ఆలోచన ఈ పెట్టెతో పుట్టలేదు. 1948 లో పారిస్‌లో పియేర్ షఫేర్ అనే రేడియో ఉద్యోగి రైళ్ళ చప్పుళ్ళను రికార్డు చేసి, గ్రామఫోను పళ్ళెం మీది గాడిని మూసివేసి, ముల్లు అదే గాడిలో తిరిగేటట్లు చేసి సంగీతం కట్టాడు. 1965 లో అమెరికాలో స్టీవ్ రైక్ అనే స్వరకర్త ఒక నల్లజాతి వీధి ప్రచారకుని గొంతు ముక్కను టేపు చుట్టగా తిప్పి పేరు తెచ్చుకున్నాడు. పేరు స్వరకర్తది, గొంతు వీధిలో నిలబడ్డవాడిది. 1973 లో న్యూయార్కు నగరంలో పేదలుండే బ్రాంక్స్ పేటలో కూల్ హెర్క్ అనే యువకుడు ఒకే పాటవి రెండు రికార్డులు రెండు యంత్రాల మీద పెట్టి, గానం ఆగి వాద్యం మాత్రమే మోగే ఆ నాలుగు క్షణాలను ఒకదాని తరువాత ఒకటిగా తిప్పి జనాన్ని ఆడించాడు. అంటే చేతితోనే లూప్ చేశాడు. యంత్రం తరువాత వచ్చింది. 1979 లో ఆస్ట్రేలియాలో తయారైన ఫెయిర్‌లైట్ సామాన్య వాద్యకారుడు తాకలేని ధరకు అమ్ముడుపోయింది. 1988 లో రోజర్ లిన్ రూపకల్పన చేయగా అకాయ్ కంపెనీ తెచ్చిన ఎం.పి.సి. 60 నుంచి బీదపేటల పిల్లలకు అది కొంత దగ్గరయింది.

ఈ చరిత్రలో మనం ఆగి చూడవలసిన ఘట్టం ఒకటి ఉన్నది. 1969 లో విన్‌స్టన్స్ అనే బృందం ‘ఆమెన్, బ్రదర్’ అనే పాటను రికార్డు చేసింది. అందులో సుమారు ఆరేడు సెకన్ల పాటు మిగతా వాద్యాలన్నీ ఆగి గ్రెగరీ కోల్మన్ అనే నల్లజాతి కళాకారుడు ఒక్కడే డ్రమ్ములు వాయిస్తాడు. 1980 ల నుంచి ఆ ఆరేడు సెకన్లను సాంప్లర్‌లో పెట్టి వేలాది పాటలు కట్టారు. ఇంగ్లండులో కొన్ని సంగీత శాఖలు దాదాపు ఆ ఒక్క వరుస పునాది మీదనే లేచాయి. కోల్మన్‌కు దానివల్ల దమ్మిడీ రాలేదు. 2006 లో అతను పేదరికంలో చనిపోయాడు. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015 లో అభిమానులు చందాలు వేసుకొని సుమారు 24,000 పౌండ్లు ఇచ్చారు. అది రాయల్టీ కాదు, దానం. చేసిన శ్రమను గడ్డకట్టించి దాచి, చేసినవాడు లేకుండానే దానిచేత మళ్ళీ మళ్ళీ పని చేయించుకోవడమంటే ఏమిటో మన విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. గతించిన శ్రమ బతికున్న శ్రమ మీద స్వారీ చేయడమని మార్క్స్ వర్ణించిన సంగతి ఇక్కడ చెవికి వినిపిస్తుంది.

అయితే తిరిగి తిరిగి రావడం దోషమా? కాదు. ఆ మాట అనేవారు మన పాటను వినలేదన్న మాట. ఒగ్గు కథ మొత్తం తిరుగుడు మీదనే నడుస్తుంది. కురుమలు చెప్పే బీరప్ప కథలో గాని, మల్లన్న కథలో గాని, కథకుడు చరణం ఎత్తుకుంటాడు, వంతపాటగాళ్ళు అందుకుంటారు, డోలు ఒకే వరుసను పట్టి తిప్పుతుంది, తాళాలు దానిని కాస్తాయి. ఒగ్గు కథకు ఈ కాలంలో పెద్ద పేరు తెచ్చిన మిద్దె రాములుది వేములవాడ దగ్గరి హనుమాజీపేట. సినారె పుట్టినదీ ఆ ఊళ్ళోనే. ఎం.ఏ. చదివిన రెండేళ్ళలో ఆ ఊరి పేరు నేను వారిలో ఒక్కరి కారణంగానే విన్నాను. ఎవరి కారణంగానో చెప్పనక్కర లేదు.

ఒగ్గు డోలు తిరుగుడుకూ పెట్టె తిరుగుడుకూ భేదం ఒకచోట ఉన్నది. డోలు వాయించేవాడు కథకుని ఊపిరి వింటూ ఉంటాడు. కథకుడు ఏడుపు ఘట్టంలోకి దిగితే డోలు వెనుకకు తగ్గుతుంది. యుద్ధం వస్తే ముందుకు ఉరుకుతుంది. నవ్వించే మాట అంటే ఒక్క దెబ్బ మధ్యలో మింగివేస్తుంది. అదే వరుస వందసార్లు వచ్చినా రెండుసార్లు ఒకే తీరుగా రాదు. పెట్టెలో వేగం ముందే అంకెగా నిర్ణయమై ఉంటుంది. నిమిషానికి 120 అంటే 120. పాటగాడు దాని వెంట నడవాలి. వంత పాడవలసినది కథకుడికి నాయకత్వం వహిస్తున్నదన్న మాట. ఈ అభ్యంతరం నిజమైనది, నేనూ దీనిని అంగీకరిస్తాను. కాని బాగా వాయించేవాడు పెట్టె చేత కూడా వినిపించగలడు. లూప్‌ను సన్నగా కింద నడిపించి, పైన విడి దెబ్బలు పుల్లలతో వేస్తూ, పాటగాడు రాగం తీసే చోట లూప్‌ను పూర్తిగా ఆపివేసి, మళ్ళీ పల్లవి మొదటి మాటకు సరిగ్గా అందించేవారిని గోదావరిఖని వేదికల మీద విన్నాను. ఆపవలసిన చోట ఆపడమే ఈ వాద్యంలో విద్య. ఆ విద్య లేనివారు చాలామంది ఉన్నారు. అది వేరే సంగతి.

శాస్త్రీయ సంగీతం వైపు నుంచి ఈ పెట్టెను ఈసడించేవారికి మాత్రం ఒక్క మాట చాలు. 1979 ప్రాంతంలో బెంగుళూరులో ఎలక్ట్రానిక్ తంబురా తయారయింది. ఈనాడు ఎన్నో కచేరీలలో తంబురా మీటే మనిషి లేడు, పెట్టె ఉన్నది. ఆ పెట్టెను చూసి సంప్రదాయం చచ్చిందని ఎవరూ ఇంతగా గోల పెట్టలేదు. ఆలిండియా రేడియో 1940 లో హార్మోనియాన్ని విదేశీ వాద్యమని వెలివేసి 1971 దాకా వాకిట్లోనే నిలబెట్టింది. ఆ కాలమంతా మన చిందు భాగవతులు దానిని భుజాన వేసుకొని ఊరూరా తిరిగారు.

ఇక డప్పు దగ్గరికి వద్దాం. డప్పు పోయిందని కన్నీరు పెట్టే మధ్యతరగతి మేధావులు ఒక విషయం మరచిపోతారు. ఊళ్ళో డప్పు కొట్టడం మాదిగ తన ఇష్టంతో ఎన్నుకొన్న కళ కాదు. అది వెట్టి. నిజాం రాజ్యంలో చాటింపు వేయడానికి డప్పు, అధికారి వస్తే ముందు నడవడానికి డప్పు, దొర గడీలో పెళ్ళికి డప్పు, చావుకు డప్పు, పశువు చస్తే మోయడానికి అదే మనిషి. కూలి లేదు, ఉన్నచోట కల్లంలో చేటెడు గింజలు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం ఎత్తుకొన్న మొదటి నినాదాలలో వెట్టి రద్దు ఒకటి. ఉత్తర తెలంగాణలో ఆ పని చాలావరకు మిగిలిపోయింది. 1978 సెప్టెంబరు 7 న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు నడిచిన తరువాతనే ఎన్నో పల్లెలలో ‘కొట్టం’ అనే మాట పుట్టింది. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోల ప్రాంతాలుగా ప్రకటించిన సంగతి గుర్తు చేసుకుంటే, ‘కొట్టం’ అన్న ఆ ఒక్క మాట బరువు ఎంతో అర్థమవుతుంది.

అంటే డప్పు ఊళ్ళో తగ్గిపోవడానికి మొదటి కారణం యంత్రం కాదు, తిరుగుబాటు. ఇది సంతోషించవలసిన తగ్గుదల. అదే కాలంలో డప్పు మరొక వైపున లేచింది. 1972 లో పుట్టిన జననాట్యమండలి దానిని గోచీ, గొంగళితోపాటు వేదిక ఎక్కించింది. లింగాపురం నుంచి వచ్చిన గూడ అంజయ్య వంటి కవులు దాని నడకకే పాట కట్టారు. 1994 లో మొదలైన మాదిగ దండోరా, ఏ వాద్యం పేరుతో తమను హీనపరిచారో దానినే జెండాగా ఎత్తింది. 2002 లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం దానిని రాష్ట్రోద్యమపు గుండె చప్పుడు చేసింది. వెట్టి డప్పు తగ్గింది. పోరాట డప్పు పెరిగింది. ఈ రెండింటినీ ఒకే డప్పుగా చూసి, ‘పూర్వం ఉండేది, ఇప్పుడు లేదు’ అని నిట్టూర్చడం చరిత్ర కాదు.

సాంప్లర్ వచ్చింది ఈ సందులోకి. ఉద్యమం ఉన్నంతకాలం సభకు నలుగురు డప్పువారిని తీసుకుపోవడానికి జీపు దొరికింది, అన్నం దొరికింది. 2014 తరువాత కొన్ని వందల మంది కళాకారులకు సాంస్కృతిక సారథిలో ప్రభుత్వ జీతం దొరికింది. మిగిలినవారు పెళ్ళిళ్ళకు, జాతరలకు, యూట్యూబు పాటలకు మళ్ళారు. ఆ బేరంలో లెక్క వేరు. జగిత్యాల దగ్గర ఒక బృందంలో ప్యాడ్ వాయించే యువకుడిని నేను అడిగాను. అతని జవాబులో సిద్ధాంతమేమీ లేదు: “నలుగురు డప్పోళ్ళను తీస్కపోతె బండి చూడాలె, బువ్వ చూడాలె, కూలి చూడాలె సార్. ఇదైతె నా బ్యాగుల పడ్తది.”

కాని అతడు ఆ తరువాత చెప్పినది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. అతను డప్పు కొట్టే ఇంటివాడే. తండ్రి అతన్ని డప్పు ముట్టనివ్వలేదు. “నేను కొట్టిన కాడికి సాలు, నువ్వు సదువుకో” అన్నాడట. కొడుకు డిగ్రీ దాకా చదివి, ఉద్యోగం రాక, ప్యాడ్ నేర్చుకున్నాడు. ఒక ఎండాకాలం సాయంత్రం తండ్రి చేత డప్పు కాపించి, పెరట్లో కొట్టించి, ఆ వరుసలు పెట్టెలోకి తీసుకున్నాడు. ఇప్పుడు ఏ పెళ్ళిలో వాయించినా మోగేది తండ్రి దెబ్బ. “డప్పు మెడల ఏస్కుంటె ఎవ్వలోల్లవురా అని అడుగుతరు సార్. ప్యాడ్ ముంగట నిలవడితె ఎవ్వరడుగరు.” తండ్రి మెడను వంచిన చప్పుడే కొడుకును నిటారుగా నిలబెట్టింది. యంత్రం కళను చంపిందనేవారు దీనికి ఏమంటారు?

అయితే ఇంతటితో యంత్రానికి హారతి పట్టవలసిన పని లేదు. ఆ యువకుడి పెట్టెలో తండ్రి వరుసలు మూడో నాలుగో. మిగిలినవన్నీ పెన్‌డ్రైవులలో చేతులు మారుతూ వచ్చినవి. ‘డప్పు 1’, ‘తీన్‌మార్ కొత్తది’, ‘బోనాలు మాస్’ అనే పేర్లున్నాయి. ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. ఎవడో ఒకడు కొట్టాడు. ఒకసారి కొట్టినందుకు ఒకసారి కూలి తీసుకున్నాడో, అదీ లేదో. ఆ దెబ్బ ఇప్పుడు వంద పెళ్ళిళ్ళలో పని చేస్తూ ఉన్నది. అతను బహుశా ఆ పెళ్ళి పందిట్లోనే చివరి వరుసలో కూర్చొని తన చేతిని తాను వింటూ ఉండవచ్చు.

సిరిసిల్ల తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. అక్కడ చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చినప్పుడు మూడు మెట్లు ఏర్పడ్డాయి: నూలు ఇచ్చి బట్ట తీసుకొనే యజమాని, మగ్గాలు పెట్టుకొని కూలికి నేయించే ఆసామి, మగ్గం నడిపే కార్మికుడు. ప్యాడ్ యువకుడు ఆసామి వంటివాడు. పెట్టె అతనిదే, అప్పు కూడా అతనిదే. పని మాత్రం సౌండు బండ్ల యజమాని చేతిలోనో, యూట్యూబు చానెలు నడిపేవాని చేతిలోనో ఉన్నది. ఇక డప్పు కొట్టినవాడు కార్మికుడి మెట్టు మీద కూడా లేడు. మెట్లు కట్టిన రాయిలో ఉన్నాడు. 1811 లో ఇంగ్లండు వస్త్ర కార్మికులు యంత్రాలను పగలగొట్టారు. యంత్రానికీ, యంత్రాన్ని పెట్టుబడి వాడుకొనే తీరుకూ తేడా గుర్తించడానికి కార్మికులకు కాలమూ అనుభవమూ పట్టిందని మార్క్స్ 1867 లో రాశాడు. మన సాంస్కృతిక చర్చ ఇంకా 1811 లోనే ఉన్నట్లు కనిపిస్తుంది.

చట్టం సంగతీ కొంచెం చూడాలి. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. ప్రదర్శకుడికి హక్కులు 1994 సవరణతో వచ్చాయి; వాణిజ్యానికి వాడుకొంటే రాయల్టీ ఇవ్వాలనేది 2012 సవరణతో వచ్చింది. ప్రదర్శకుడెవరు అనే నిర్వచనంలో నటుడు, గాయకుడు, వాద్యకారుడు మొదలుకొని గారడీవాడు, పాములాడించేవాడు, ఉపన్యాసమిచ్చేవాడు కూడా ఉన్నారు. పాములవాడినీ కళాశాల అధ్యాపకుడినీ ఒకే వరుసలో నిలబెట్టిన ఆ వాక్యం నాకు ఎంతో ఇష్టం. డప్పు వాయించేవాడు కూడా ఆ వరుసలో నిస్సందేహంగా ఉన్నాడు. కాని అదే చట్టం శబ్దముద్రణకు కర్త ఎవరంటే, దానిని తయారుచేయించిన నిర్మాత అంటుంది. కొట్టినవాడు ప్రదర్శకుడు, మీట నొక్కించినవాడు కర్త! ప్రదర్శకుడు హక్కు అడగాలంటే ఆ ప్రదర్శన తనదని చూపాలి. ‘డప్పు 1’ తనదని చూపడానికి ఆ మనిషి దగ్గర ఏమున్నది?

అందుచేత నా అభిప్రాయంలో చేయవలసిన పని పెట్టెలను బహిష్కరించడం కాదు. రికార్డు చేసేనాడే పేరు, ఊరు, తేదీ రాయించడం. ఒక్కసారి కూలికి కాక ప్రతి వాడకానికీ వాటా అడగడం. డప్పు కళాకారుల సంఘాలు తమ వరుసలను తామే రికార్డు చేసి తమ పేరుతో ఇవ్వడం. ఇందులో మొదటిది మా వంటి కళాశాలల తెలుగు శాఖలు రేపే మొదలుపెట్టగలవు. విద్యార్థుల చేతిలో ఫోనులున్నాయి. చేయకపోవడానికి కారణం డబ్బు కాదు. జానపద సాహిత్యమంటే అచ్చయిన మాటేననీ, చప్పుడు సాహిత్యం కాదనీ మేము ఇంకా అనుకోవడం.

చప్పుడు హైదరాబాదులో పోలీసు సమస్య కూడా అయింది. 2024 అక్టోబరులో మత ఊరేగింపులలో డీజేలను అక్కడ నిషేధించారు. చెవులకు అది మంచిదే. గుండెలదిరే ఆ మోతను సమర్థించే ఉద్దేశం నాకు లేదు.

ఆదిలాబాద్ వైపు వ్యవహారం మరొక మలుపు తిరిగింది. రాజ్‌గోండుల దండారి దీపావళి రోజులలో భోగితో మొదలై కొలబోడితో ముగుస్తుంది. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఊరూరా ఆడతారు. మార్లవాయికి చెందిన కనకరాజు ఆ నృత్యానికి 2021 లో పద్మశ్రీ తెచ్చి 2024 అక్టోబరులో కన్నుమూశాడు. దండారికి ముందు వాద్యాలకు పూజ చేస్తారు. కొలబోడి తరువాత వాటిని తీసి పెట్టివేస్తారు. అంటే ఆ చప్పుడుకు ఒక రుతువు ఉన్నది. సాంప్లర్‌కు రుతువు లేదు. ఇప్పుడు గోండీ డీజే పాటలు ఏడాది పొడుగునా మోగుతున్నాయి.

మా కళాశాలలో ఉట్నూరు వైపు నుంచి వచ్చిన గోండు విద్యార్థులు ఇద్దరున్నారు. హాస్టలు వార్షికోత్సవానికి ఒకడు లాప్‌టాప్‌లో దండారి డోలు, పెప్రె కలిపి లూప్ కట్టాడు. అది ఫిబ్రవరి నెల. రెండవవాడు పెట్టవద్దన్నాడు, పూజ చేసి లోపల పెట్టినదాన్ని ఇప్పుడు మోగించకూడదన్నాడు. మొదటివాడు ఒప్పుకోలేదు. హాస్టల్లో ఏడాదంతా అందరి పాటలూ మోగుతాయి, మనది మోగవద్దా అన్నాడు. ఆ డోలు ఎవరిదని నేను అడిగాను. అతను తడుముకోకుండా చెప్పాడు: “మా మామది సార్.”

“మామను అడిగినవా మరి?” అన్నాడు రెండవవాడు.